పొట్టోడని పక్కనపెట్టారు!

సెలక్షన్ లిస్టు వచ్చింది. పైనుంచి కిందికి ఓసారి, కిందినుంచి పైకి ఓసారి చూశారు. మీ పేరు లేదు. ఎందుకు లేదో చెప్పే నాథుడూ లేడు. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఇది కొత్త అనుభవమేం కాదు. వలేరీ ఖర్లమోవ్ అనే రష్యన్ ఐస్ హాకీ ఆటగాడికి ఇది మూడుసార్లు ఎదురైంది. మొదటిసారి డాక్టర్లు వద్దన్నారు. రెండోసారి కోచ్ వద్దన్నాడు. ఆ రెంటికీ అతడు ఆడి చూపించాడు. మూడోసారి ఆడి చూపించడానికి టైమ్ మిగల్లేదు. అప్పటికి అతని వయసు 33.

మనదగ్గర ఈ పేరు పెద్దగా వినిపించదు. రష్యాలో మాత్రం చనిపోయి నలభై ఏళ్లు దాటినా పిల్లలకు సైతం తెలుసు. విచిత్రమేంటంటే, అతన్ని ప్రపంచ స్థాయి ఆటగాడిగా నిలబెట్టింది సొంత గడ్డ కాదు, కెనడా. అక్కడి క్లబ్బుల్లో అతడు ఒక్క రోజు కూడా ఉద్యోగం చేయలేదు. వెళ్లింది అతిథి జట్టుతో. ఆడింది కొన్నే మ్యాచ్‌లు. అవే చాలాయి.

ముందుగా ఆట గురించి రెండు ముక్కలు. గడ్డి మీద ఆడే మన హాకీకీ దీనికీ పేరు తప్ప పెద్ద పోలిక లేదు. సుమారు 60 మీటర్ల పొడవున్న మంచు గచ్చు మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకుని ఆడతారు. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో జట్టుకు ఆరుగురు. బంతి ఉండదు, దాని బదులు గట్టి రబ్బరు బిళ్ల. దాన్ని పక్ అంటారు. పక్ దగ్గరున్నవాణ్ని భుజంతో గుద్ది పడగొట్టడం రూల్స్ ప్రకారం తప్పు కాదు. కాబట్టి ఎత్తు, బరువు ఉన్నవాళ్లకే గిరాకీ. ఖర్లమోవ్ ఎత్తు 173 సెంటీమీటర్లు. అంటే దాదాపు ఐదడుగుల ఎనిమిదంగుళాలు. మన లెక్కలో అది పొట్టేం కాదు. మంచు మీద మాత్రం పొట్టే.

అమ్మకు తెలియకుండా...

ఖర్లమోవ్ 1948 జనవరి 14న మాస్కోలో పుట్టాడు. తండ్రి బోరిస్ కొమ్మునార్ అనే ఫ్యాక్టరీలో ఫిట్టర్. తల్లి కార్మెన్ ఒరీవె-అబాద్ కూడా అదే ఫ్యాక్టరీలో పనిచేసేది. ఇంట్లో ఆమెను బెగొన్యా అని పిలిచేవారు. ఆమెది స్పెయిన్‌లోని బిల్బావో నగరం. అక్కడ అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు వేలమంది పిల్లల్ని ఓడల్లో ఎక్కించి వేరే దేశాలకు పంపించేశారు. అలా 1937లో సోవియట్ యూనియన్‌కు చేరిన పిల్లల్లో ఆమె ఒకరు. కొడుక్కి వలేరీ అని పేరు పెట్టింది పైలట్ వలేరీ చ్కాలోవ్ మీద అభిమానంతో. మాస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా అమెరికాకు విమానం నడిపిన చ్కాలోవ్ అప్పట్లో అక్కడ ఇంటింటి హీరో.

ఎనిమిదేళ్ల వయసులో తల్లితోపాటు స్పెయిన్ వెళ్లి కొన్ని నెలలు అక్కడే ఉన్నాడు ఖర్లమోవ్. అక్కడి బడికీ వెళ్లాడు. తర్వాత మళ్లీ మాస్కో. తండ్రికి హాకీ పిచ్చి. ఫ్యాక్టరీ జట్టులో ఆడేవాడు. కొడుకును ఏడేళ్లకే స్కేట్ల మీద నిలబెట్టాడు.

1961లో దెబ్బ పడింది. గొంతునొప్పితో మొదలైన జబ్బు గుండె దాకా పాకింది. రుమాటిక్ సమస్య అన్నారు. ఓ చెయ్యి, ఓ కాలు కొన్నాళ్లు సరిగా పనిచేయలేదు. పరుగెత్తకూడదు, ఈత కొట్టకూడదు, బరువులు ఎత్తకూడదు, బడిలో డ్రిల్ పీరియడ్ కూడా వద్దు అని డాక్టర్లు గట్టిగా చెప్పేశారు. 13 ఏళ్ల పిల్లాడికి ఇది చిన్న శిక్ష కాదు.

తండ్రి ఊరుకోలేదు. 1962 వేసవిలో మాస్కోలోని లెనిన్‌గ్రాద్స్కీ ప్రాస్పెక్ట్‌లో వేసవిలోనూ నడిచే కొత్త ఐస్ రింక్ తెరిచారు. అది సైనిక క్లబ్ సీఎస్‌కేఏది. సోవియట్ హాకీలో అంతకుమించిన జట్టు లేదు. పిల్లల్ని ఎంపిక చేస్తున్నారని తెలిసి, తల్లికి చెప్పకుండా కొడుకును అక్కడికి తీసుకెళ్లాడు. అయితే ఓ చిక్కు. ఆ రోజు తీసుకుంటున్నది 1949లో పుట్టిన పిల్లల్నే. ఇతడు పుట్టింది 1948లో. పొట్టిగా ఉన్నాడు కదా, ఒక ఏడాది తక్కువ చెప్పినా ఎవరికీ అనుమానం రాలేదు. పదుల సంఖ్యలో వచ్చిన పిల్లల్లో కోచ్ బోరిస్ కులాగిన్ ఎంపిక చేసింది ఒక్కణ్నే. ఖర్లమోవ్‌ని! తర్వాత అసలు వయసు బయటపడింది. అప్పటికే ఆట చూసేశారు కాబట్టి పంపేయలేదు. (ఇది ఆరు దశాబ్దాల కిందటి సంగతి. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఉన్న ఈ రోజుల్లో ఇలాంటి ప్రయోగాలు చేయకండి.)

గుండె సంగతి? ఆడుతూనే ఆసుపత్రికి వెళ్లి పరీక్షలు చేయించుకునేవాడు. కొన్నేళ్లకు డాక్టర్లే బాగుందని తేల్చారు. అయితే ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. డాక్టర్ల మాట వినకపోవడం గొప్ప కాదు. అతని అదృష్టం బాగుంది, అంతే. తండ్రి రిస్క్ తీసుకున్నాడు. అది బెడిసికొట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

చెబార్కుల్ పోస్టింగ్

సీఎస్‌కేఏ సీనియర్ జట్టు కోచ్ అనతోలీ తారాసోవ్. సోవియట్ ఐస్ హాకీకి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు. అక్కడ ఈ ఆటలో జాతీయ చాంపియన్‌షిప్ మొదలైందే 1946 డిసెంబరులో. ఎనిమిదేళ్లు తిరక్కుండానే, 1954లో, తొలిసారి పాల్గొన్న ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కెనడా జట్టునే ఓడించి కప్పు పట్టుకుపోయారు. తారాసోవ్ ట్రైనింగ్ అంటే మామూలుగా ఉండేది కాదు. మంచు మీద చేసే సాధన ఒకెత్తు, నేల మీద చేయించే కసరత్తు ఇంకో ఎత్తు. బరువులు, కుస్తీ, పిల్లిమొగ్గలు, భుజాల మీద తోటి ఆటగాణ్ని ఎక్కించుకుని గెంతడం... ఇలా ఉండేది వరస.

అంతటి కోచ్‌కి ఖర్లమోవ్ ఆనలేదు. కెనడా వాళ్లను ఢీకొట్టాలంటే ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు కావాలి, ఈ బక్కపల్చటి కుర్రాడితో ఏం పని అనుకున్నాడు. కులాగిన్ మాత్రం తన కుర్రాణ్ని వదల్లేదు. చివరికి మధ్యేమార్గంగా ఖర్లమోవ్‌ని చెబార్కుల్‌కు పంపారు.

చెబార్కుల్ అంటే ఉరల్ పర్వతాల దగ్గర, చెల్యాబిన్స్క్ ప్రాంతంలోని చిన్న ఊరు. మాస్కో నుంచి రోడ్డు మీద 1600 కిలోమీటర్ల పైమాటే. 2013లో ఆకాశం నుంచి ఉల్క పడిందని టీవీల్లో చూపించారే, ఆ చెరువు ఈ ఊరిదే. అక్కడ సైన్యానికి జ్వెజ్దా అనే జట్టుండేది. పెద్ద లీగ్ కాదు, కింది లీగ్. పెద్ద స్టేడియాల్లేవు, టీవీ కెమెరాల్లేవు, పేపర్లో పేరు రాదు. మాస్కోలో పుట్టి పెరిగిన 19 ఏళ్ల కుర్రాడికి దాన్ని పోస్టింగ్ అనాలో పనిష్మెంట్ అనాలో అర్థంకాని పరిస్థితి. కాస్త ఊరటేంటంటే అలెగ్జాండర్ గూసెవ్ అనే మరో కుర్రాణ్ని కూడా అక్కడికే పంపారు. తర్వాతి రోజుల్లో అతడూ జాతీయ జట్టులో డిఫెండర్ అయ్యాడు.

క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో పెద్ద కంపెనీ రాలేదని, దూరంగా ఓ చిన్న ఊళ్లో చిన్న సంస్థలో మొదటి ఉద్యోగం దొరికిందని మొహం చిన్నబుచ్చుకునేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లు ఈ 1967-68 సీజన్ లెక్క ఒకసారి చూడాలి. ఖర్లమోవ్ ఆడింది 40 మ్యాచ్‌లు. కొట్టింది 34 గోల్స్. పెద్ద జట్టులో అయితే రిజర్వ్ బెంచీ మీద కూర్చుని, దొరికిన నాలుగు నిమిషాలు భయపడుతూ ఆడేవాడు. ఇక్కడ పక్ ఎప్పుడూ తన దగ్గరే. తప్పు చేసినా మరుసటి మ్యాచ్‌లోనూ ఆడేవాడు. డిఫెండర్ మీదకొస్తుంటే ఒక్క క్షణం నెమ్మదించినట్టు చేసి, వాడు బ్యాలెన్స్ సర్దుకునేలోపు పక్క నుంచి దూసుకుపోయే ఆ విద్య అతనికి పుట్టుకతో వచ్చిందనేవాళ్లున్నారు. అయ్యుండొచ్చు. కానీ దాన్ని రోజూ వాడి పదును పెట్టుకునే చోటు దొరికింది మాత్రం చెబార్కుల్‌లోనే.

సీజన్ అయ్యాక మాస్కో నుంచి పిలుపొచ్చింది. తారాసోవ్ ఈసారి కాదనలేదు. 1968లో సెంటర్‌లో వ్లాదిమిర్ పెట్రోవ్, కుడివైపు బోరిస్ మిఖైలోవ్, ఎడమవైపు ఖర్లమోవ్. ఈ ముగ్గురినీ కలిపి దించారు. మిఖైలోవ్ గోల్ ముందు మేకులా పాతుకుపోయే రకం, దెబ్బలంటే లెక్కలేదు. పెట్రోవ్‌కి బలం ఎక్కువ, నోరూ ఎక్కువే. ఖర్లమోవ్ చూడ్డానికి నెమ్మదస్తుడు. ప్రత్యర్థి లైన్లను చెదరగొట్టేది మాత్రం అతడే. వీళ్లు పదేళ్లకు పైగా ప్రపంచ హాకీని ఏలారు. 1969లో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యేనాటికి ఖర్లమోవ్‌కి 21 ఏళ్లు. చెబార్కుల్ నుంచి తిరిగొచ్చి అప్పటికి ఏడాదే. 1972 సపోరో ఒలింపిక్స్‌లో ఐదు మ్యాచ్‌ల్లో తొమ్మిది గోల్స్ కొట్టి బంగారు పతకం తెచ్చుకున్నాడు.

మాంట్రియల్‌లో ఆ రాత్రి

ఇంత గెలిచినా ఓ వెలితి ఉండేది. సోవియట్ జట్టు 1963 నుంచి 1971 దాకా వరుసగా తొమ్మిదేళ్లు ప్రపంచ చాంపియన్. అయినా కెనడా వాళ్లు లెక్కచేసేవారు కాదు. ఎందుకంటే తమ అసలైన ఆటగాళ్లంతా ఎన్‌హెచ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో డబ్బు తీసుకుని ఆడేవాళ్లు. వాళ్లకు ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి ప్రవేశం లేదు. సోవియట్ ఆటగాళ్లేమో కాగితాల మీద సైనికాధికారులు, విద్యార్థులు. అసలు పని మాత్రం ఏడాది పొడవునా హాకీయే. ఎవరు గొప్పో తేలాలంటే ఇద్దరూ ఎదురెదురు నిలబడాలి. అది 1972 సెప్టెంబరులో కుదిరింది. ఎనిమిది మ్యాచ్‌లు. నాలుగు కెనడాలో, నాలుగు మాస్కోలో.

కెనడా మొత్తానికి ఒకటే ధీమా. ఎనిమిదికి ఎనిమిదీ మనవే అని పత్రికలు రాశాయి. డిక్ బెడోస్ అనే కాలమిస్ట్ అయితే రష్యన్లు ఒక్కటి గెలిచినా తన వ్యాసాన్ని తినేస్తానని పందెం కాశాడు. సోవియట్ జట్టు పాతబడ్డ సామగ్రి చూసి ప్రాక్టీసు దగ్గర నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు.

సెప్టెంబరు 2. మాంట్రియల్ ఫోరం. ఆట మొదలైన 30 సెకన్లకే ఫిల్ ఎస్పొసీటో గోల్ కొట్టాడు. ఏడు నిమిషాలు కాకముందే పాల్ హెండర్సన్ రెండోది కొట్టాడు. 2-0. ఇక వరదే అనుకుంటున్నారు జనం. మొదటి పీరియడ్ ముగిసేసరికి స్కోరు 2-2.

రెండో పీరియడ్‌లో ఖర్లమోవ్ వంతొచ్చింది. ఎడమ అంచున దూసుకొస్తూ డిఫెండర్‌ని లోపలికి వస్తున్నట్టు భ్రమపెట్టి, బయటినుంచి చుట్టుతిరిగి గోల్ కొట్టాడు. కాసేపటికి ఇంకోటి. గోల్‌లో ఉన్నది సామాన్యుడు కాదు, కెన్ డ్రైడెన్. ఇలాంటి ఆట ఎన్‌హెచ్‌ఎల్‌లో వాళ్లు చూడనిది కాదు. ఇంత వేగంలో చేయడం మాత్రం చూడలేదు. మామూలుగా ఆటగాడు పక్‌తో మాయ చేయాలంటే కాస్త నెమ్మదించాలి. ఖర్లమోవ్ నెమ్మదించకుండానే చేసేవాడు. మ్యాచ్ 7-3తో సోవియట్ జట్టుది. ఫోరంలో చప్పుడు లేదు. ఆ రాత్రి అతిథి జట్టులో ఉత్తమ ఆటగాడు, ఐదేళ్ల కిందట ఉరల్ పర్వతాలకు పంపేసిన ఆ పొట్టివాడే.

బెడోస్ మాట తప్పలేదు. తన వ్యాసాన్ని ముక్కలు చేసి, బోర్ష్ అనే బీట్‌రూట్ సూప్‌లో కలుపుకుని తిన్నాడు. జోస్యాలు చెప్పేవాళ్లందరికీ ఈ నియమం పెడితే బాగుండు!

కాలు మీద కొట్టి...

మాస్కోలో మొదటి మ్యాచ్ అయ్యేసరికి సోవియట్ జట్టు మూడు గెలిచింది, కెనడా ఒకటి, ఒకటి డ్రా. మిగిలిన మూడూ గెలిస్తేనే కెనడా పరువు నిలుస్తుంది. ఆరో మ్యాచ్ సెప్టెంబరు 24న. ఖర్లమోవ్ని ఆపడం ఎవరివల్లా కావడం లేదు. కెనడా అసిస్టెంట్ కోచ్ జాన్ ఫెర్గూసన్ బాబీ క్లార్క్ అనే 23 ఏళ్ల ఆటగాడితో అతని సంగతి చూడమన్నాడు. తానలా చెప్పిన మాట నిజమేనని తర్వాత ఫెర్గూసనే ఒప్పుకున్నాడు. క్లార్క్ వెనకనుంచి వెళ్లి, రెండు చేతులతో స్టిక్ ఎత్తి ఖర్లమోవ్ ఎడమ చీలమండ మీద బలంగా కొట్టాడు. అంతకుముందే ఆ కాలికి నొప్పి ఉంది. ఎముక చిట్లింది.

ఏడో మ్యాచ్‌కి ఖర్లమోవ్ లేడు. ఎనిమిదో మ్యాచ్‌కి కాలు కట్టుకుని దిగాడు గానీ పాత వేగం లేదు. కెనడా మూడూ గెలిచింది. చివరి మ్యాచ్‌లో హెండర్సన్ నిర్ణయాత్మక గోల్ కొట్టేసరికి గడియారంలో మిగిలింది 34 సెకన్లే. సిరీస్ 4-3తో కెనడాది. ఆ గోల్‌ని కెనడాలో ఈనాటికీ దేశ చరిత్రలో భాగంగా చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే, అది అలాంటి గోల్. కానీ ఆ చీలమండ దెబ్బ గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు అక్కడివాళ్లలోనే చాలామంది తలదించుకుంటారు. ఎదుటివాడి పనితనాన్ని ఒప్పుకోవడానికి అంతకంటే సిగ్గుమాలిన పద్ధతి ఇంకోటి ఉండదు.

పిలిచినా వెళ్లలేని రోజులు

అదే 1972 జూన్‌లో కెనడా స్టార్ బాబీ హల్ కొత్త లీగ్‌కు మారాడు. సంతకం పెట్టినందుకే పది లక్షల డాలర్లు చేతికొచ్చాయి. సిరీస్ చూసినవాళ్లందరికీ ఖర్లమోవ్ స్థాయి ఏమిటో తెలిసిపోయింది. ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బుల యజమానులు అతని మీద ఆశపడ్డారు. ఆశపడటమే, అంతకుమించి ఏమీ జరిగే వీల్లేదు. సీఎస్‌కేఏ ఆటగాడంటే సైన్యంలో ఉద్యోగి. ఖర్లమోవ్ మేజర్ హోదా దాకా వెళ్లాడు. దేశం వదిలి వెళ్లి ఆడాలంటే పారిపోవడం ఒక్కటే దారి. కన్నవాళ్లు మాస్కోలో ఉండగా ఆ దారి దారి కాదు. మాస్కోలో ఓ ఫ్లాటు, ఓ వోల్గా కారు, జనం అభిమానం. ఒక ఆటగాడికి ఆ వ్యవస్థ ఇవ్వగలిగింది అది.

వీసా వస్తుందా, ఆఫర్ లెటర్ ఎప్పుడొస్తుంది అని ఎదురుచూసే ఈ తరానికి ఇది ఊహించడం కష్టమే. ప్రపంచంలోనే పెద్ద మార్కెట్ నీ పనికి లక్షల డాలర్లు ఇస్తానంటోంది, నీకేమో రిజైన్ చేసే హక్కే లేదు. కాబట్టి అతని విదేశీ కెరీర్ అంటే టూర్లే. రెండు వారాలు వెళ్లడం, ఆడటం, జట్టుతోపాటు తిరిగి విమానం ఎక్కడం.

ఆ టూర్లలోనే చూపించాల్సింది చూపించాడు. 1974లో మరో కెనడా జట్టుతో ఎనిమిది మ్యాచ్‌ల సిరీస్ జరిగింది. ఈసారి బాబీ హల్, అప్పటికి 46 ఏళ్లున్న గార్డీ హో కూడా ఉన్నారు. క్యూబెక్ సిటీలో జరిగిన మొదటి మ్యాచ్‌లో ఇద్దరు డిఫెండర్ల మధ్య, తలుపు సందులోంచి దూరినట్టు దూరి కొట్టిన గోల్ గురించి ఆట తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సిరీస్‌ని సోవియట్ జట్టు తేలిగ్గా గెలిచింది. అందులోనూ అతనికి దెబ్బలు తప్పలేదు. మాస్కోలో ఓ మ్యాచ్ ముగిశాక కెనడా డిఫెండర్ ఒకడు మీదపడి ముఖం పగిలేలా గుద్దాడు.

1975 డిసెంబరు 31న సీఎస్‌కేఏ క్లబ్ మాంట్రియల్ వెళ్లి అక్కడి కెనేడియన్స్ జట్టుతో 3-3 డ్రా చేసుకుంది. ఎన్‌హెచ్‌ఎల్ నేలమీద జరిగిన గొప్ప మ్యాచ్‌ల్లో అదొకటి అంటారు. ఆ మూడింటిలో ఒక గోల్ ఖర్లమోవ్‌ది. పదకొండు రోజుల తర్వాత ఫిలడెల్ఫియాలో కథ వేరు. బాబీ క్లార్క్ కెప్టెన్‌గా ఉన్న ఆ జట్టుకు రౌడీయిజంలో పెద్ద పేరు. ఎడ్ వాన్ ఇంప్ అనే డిఫెండర్ కొట్టిన దెబ్బకు ఖర్లమోవ్ మంచు మీద పడిపోయి చాలాసేపు లేవలేదు. సోవియట్ కోచ్ ఒళ్లుమండి జట్టు మొత్తాన్ని డ్రెస్సింగ్ రూమ్‌కి తీసుకెళ్లిపోయాడు. నచ్చజెప్పి వెనక్కి తీసుకొచ్చారు. ఆ మ్యాచ్ 4-1తో ఓడిపోయారు.

నెల తిరిగేసరికి ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్. చెకొస్లొవేకియాతో ఆఖరి మ్యాచ్, స్వర్ణం ఎవరిదో తేల్చేది. కొద్ది నిమిషాల ఆట మిగిలుండగా 3-2తో వెనకబడి ఉన్నారు. యాకుషెవ్ సమం చేశాడు. వెంటనే ఖర్లమోవ్ గెలుపు గోల్ కొట్టాడు. రెండో ఒలింపిక్ స్వర్ణం.

మళ్లీ నడక నుంచి

1976 మే నెలలో ఖర్లమోవ్‌కి ఇరీనాతో పెళ్లయింది. రెండు వారాలైనా కాలేదు, రాత్రివేళ ఇద్దరూ కారులో వస్తుంటే ప్రమాదం జరిగింది. డ్రైవింగ్ చేస్తున్నది అతడే. కుడికాలి ఎముకలు విరిగాయి, పక్కటెముకలు విరిగాయి, తలకు దెబ్బ. హాకీ సంగతి తర్వాత, ముందు మామూలుగా నడవగలడా అని డాక్టర్లు సందేహించారు.

నెలల తరబడి మంచం. తర్వాత కర్రలు. తర్వాత ఆసుపత్రి వార్డులోనే అడుగులో అడుగు. ప్రపంచంలోనే అత్యంత వేగంగా కదిలే మనుషుల్లో ఒకడు గోడ పట్టుకుని నడక నేర్చుకున్నాడు. ఆ తర్వాత మంచు మీదికి దిగినప్పుడు మొదట్లో పిల్లలతో కలిసి స్కేటింగ్ చేశాడు. పెద్ద జట్టు వేగం అందుకోవడానికి అదే తొలిమెట్టయింది.

1976 నవంబరు 16. మాస్కోలో క్రిల్యా సొవెతొవ్ జట్టుతో మ్యాచ్. ఖర్లమోవ్ మంచు మీదికి రాగానే స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ప్రమాదం జరిగి ఆరు నెలలు కూడా కాలేదు. తర్వాత 1978లో, 1979లో మళ్లీ ప్రపంచ చాంపియన్. మొత్తం ఎనిమిదిసార్లు.

అయితే నిజం చెప్పుకోవాలి. ప్రమాదం ముందు ఆడిన ఖర్లమోవ్ వేరు, తర్వాత ఆడిన ఖర్లమోవ్ వేరు. పాత రోజుల్లో డిఫెండర్ మీదికి నేరుగా వెళ్లేవాడు. ఇప్పుడు పాస్ ఇవ్వడం పెరిగింది. కాలు తన మాట వినని రోజున ఆట తీరు మార్చుకున్నాడు. సినిమాలు గాయం నుంచి తిరిగొచ్చిన రోజు దగ్గర ఆగిపోతాయి. ఉద్యోగం మాత్రం మర్నాటి నుంచి మొదలవుతుంది. ఆ మర్నాళ్లు అతనికి ఐదేళ్లు నడిచాయి.

లిస్టులో పేరు లేదు

1977లో విక్టర్ టిఖోనోవ్ కోచ్‌గా వచ్చాడు. కఠినమైన మనిషి. 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో ఎక్కువగా కాలేజీ కుర్రాళ్లున్న అమెరికా జట్టు సోవియట్ జట్టును 4-3తో ఓడించింది. ఆ ఓడిన జట్టులో 32 ఏళ్ల ఖర్లమోవ్ ఉన్నాడు. అతని దగ్గరున్న ఒకే ఒక్క ఒలింపిక్ రజతం అదే. ఆ తర్వాత టిఖోనోవ్ కుర్రాళ్ల వైపు మొగ్గాడు. 1980 చివర్లో మిఖైలోవ్ ఆట మానేశాడు. పెట్రోవ్ కూడా క్లబ్ మారాడు. క్రుతోవ్, లారియోనోవ్, మకారోవ్ అనే కొత్త ముగ్గురు వస్తున్నారు.

1981 ఆగస్టు. కెనడా కప్‌కి జట్టు బయల్దేరాలి. ఖర్లమోవ్ సిద్ధమవుతున్నాడు. అతని లెక్కలో ఇది ఆఖరి పెద్ద టోర్నీ, అదీ తనకు పేరు తెచ్చిన దేశంలో. బయల్దేరే ముందు టిఖోనోవ్ లిస్టులోంచి అతని పేరు తీసేశాడు. ఫిట్‌నెస్ తగినంత లేదన్నది కారణం.

ఆగస్టు 27 ఉదయం. ఊరి బయట ఇంటి నుంచి ఖర్లమోవ్, ఇరీనా, ఆమె బంధువు ఒకరు మాస్కోకి వస్తున్నారు. స్టీరింగ్ ఇరీనా చేతిలో ఉంది. లెనిన్‌గ్రాద్ హైవే, 74వ కిలోమీటరు. వాన పడి రోడ్డు తడిగా ఉంది. వోల్గా జారి ఎదురు లేన్‌లోకి వెళ్లి లారీని ఢీకొట్టింది. ముగ్గురూ చనిపోయారు.

జట్టు అప్పటికే కెనడాలోని విన్నిపెగ్‌లో ఉంది. వార్త తెలిసి ఆటగాళ్లు తిరిగి వెళ్లిపోదామనుకున్నారు. అనుమతి దొరకలేదు. సెప్టెంబరు 13న ఫైనల్‌లో కెనడాని 8-1తో చిత్తు చేశారు. జరిగింది మాంట్రియల్ ఫోరంలోనే. తొమ్మిదేళ్ల కిందట ఖర్లమోవ్ ఆ రెండు గోల్స్ కొట్టిన మంచు మీదే.

లిస్టులో పేరు ఉండి ఉంటే ఆ ఉదయం అతడు విన్నిపెగ్‌లో ఉండేవాడు. రష్యాలో టిఖోనోవ్‌ని ఈ ఒక్క విషయంలో క్షమించని అభిమానులు ఎందరో. మరోవైపు చూస్తే 33 ఏళ్లు, రెండు గాయపడ్డ కాళ్లు. అతను లేకుండానే జట్టు 8-1తో గెలిచిందన్నదీ వాస్తవం. కోచ్ తీసుకున్నది ఆట గురించిన నిర్ణయం. అది తప్పో ఒప్పో తేలాల్సింది మరుసటి సీజన్‌లో, మంచు మీద. తేల్చుకునే అవకాశం ఇద్దరికీ పోయింది.

ఆ రోజుకి కొడుకు అలెగ్జాండర్‌కి ఆరేళ్లు కూడా లేవు. కూతురు ఇంకా చిన్నది. ఆమెకు నానమ్మ పేరే పెట్టారు, బెగొనిటా అని. పిల్లలిద్దర్నీ అమ్మమ్మ పెంచింది. సోవియట్ లీగ్‌లో ఖర్లమోవ్ లెక్క 438 మ్యాచ్‌లు, 293 గోల్స్ దగ్గర ఆగిపోయింది.

తలుపులు తెరుచుకున్నది 1989లో. ఆ వసంతంలో సెర్గీ ప్ర్యాఖిన్ అధికారిక అనుమతితో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన తొలి సోవియట్ ఆటగాడయ్యాడు. వెనకే ఫెతిసోవ్, లారియోనోవ్, మకారోవ్, క్రుతోవ్. మకారోవ్ అయితే 31 ఏళ్ల వయసులో ఆ లీగ్‌లో కొత్తవాళ్లకిచ్చే అవార్డు అందుకున్నాడు. ఖర్లమోవ్ బతికుంటే 1989లో అతనికి 41.

1994లో వాషింగ్టన్ క్యాపిటల్స్ క్లబ్ ఎంపికల మొదటి రౌండ్‌లోనే, 15వ స్థానంలో, ఓ రష్యన్ కుర్రాణ్ని తీసుకుంది. పేరు అలెగ్జాండర్ ఖర్లమోవ్. తండ్రి వెళ్లలేని చోటికి కొడుకు చేతిలో కాంట్రాక్టుతో వెళ్లాడు. అక్కడి చిన్న లీగుల్లో కొన్నేళ్లు ఆడాడు గానీ ఎన్‌హెచ్‌ఎల్ దాకా చేరలేదు.

తండ్రికి మాత్రం 2005లో టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. హైవే 74వ కిలోమీటరు దగ్గర రాతితో చేసిన పెద్ద పక్ ఉంటుంది, దారినపోయేవాళ్లు ఆగి పూలు పెడతారు. అతని 17వ నంబరు చొక్కాను రష్యా జాతీయ జట్టులో ఇంకెవరికీ ఇవ్వరు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఖర్లమోవ్ మీద అభిమానంతో 17 వేసుకుని ఆడిన ఇల్యా కొవల్చుక్ సైతం, దేశం తరఫున ఆడాల్సి వచ్చినప్పుడు అంకెలు తిరగేసి 71 వేసుకున్నాడు.